ఇరవయ్యో పిల్ల

మే 18, ఆదివారం
కుట్టు మిషను బల్ల మీద నుంచి

పూజ్యురాలైన అక్కకి,

చెల్లి దణ్ణం పెట్టి రాస్తున్నది. ఉత్తరమంటే ముందు పెద్దవాళ్ళకి దణ్ణం, తర్వాత క్షేమం, ఆ తర్వాతే మన గోల అని చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి మరీ నేర్పావు. అదే వరసలో రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర పెన్ను తీయకు. నీకూ బావకీ నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మీ మరిదికి నడుం నొప్పి తగ్గింది, మళ్ళీ బస్సు నడుపుతున్నాడు. గువ్వ బాగుంది. కొట్లో పనికి లోటు లేదు. బావ మోకాలు ఎలా ఉందో నువ్వు రాయలేదు. ఆయన అడగందే చెప్పడు, నువ్వు అడగవు, మీ ఇద్దరి మధ్యా ఆ మోకాలు ఏమైపోతుందో ఏమో.

నీ ఉత్తరం గురువారం అందింది. రెండు వీధుల అవతల ఉన్న మనిషి ఉత్తరం రాయడమేమిటని పోస్ట్‌మ్యాన్ నా మొహంకేసి అదోలా చూశాడు. మా అక్క హెడ్మిస్ట్రెస్ అండీ, ఆవిడకి ఏదైనా కాగితం మీద ఉండాల్సిందే అని నవ్వేసి లోపలికొచ్చాను. లోపలికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

బడి గట్టెక్కిందని రాశావు. ఇక మూయరని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చిందన్నావు. సంతోషం అక్కా. వంకరగా అనడం లేదు, నిజంగానే సంతోషం. నేనూ ఆ బెంచీల మీద పెరిగినదాన్నే కదా. శనివారం సభ పెడుతున్నారనీ, ప్రణాళిక కమిటీలో తల్లిదండ్రుల తరఫున ఉన్నదాన్ని కాబట్టి ముందు వరసలో కూర్చోవాలనీ రాశావు. గండం గడిచింది కనక గువ్వని తిరిగి మన బళ్ళో చేర్చమని ఫారం కూడా జత చేశావు. నింపాల్సినవన్నీ నీ గుండ్రటి దస్తూరీతో నువ్వే నింపి, నా సంతకానికి మాత్రం చోటు వదిలావు.

ఆ ఫారం ఈ ఉత్తరంతోనే తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. సభకి కూడా రాను.

గువ్వకి వంతెన అవతల బడి అలవాటైపోయింది. అక్కడ ఈత కొలను ఉంది, అదంటే దానికి ప్రాణం. ఈత ఉన్న రోజున తడి బట్టలు సంచిలో వేసుకొస్తుంది. ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న పిల్లని మళ్ళీ పీకడం ఎందుకు చెప్పు. ఇదీ కారణం. ఇక్కడితో ఆపేస్తే మర్యాదగా ఉంటుంది. కానీ నా సంగతి నీకు తెలుసుగా, కుట్టు సగంలో వదిలి దారం తెంపడం నాకు చేతకాదు. ఎదురుపడి చెబుదామంటే నీ మొహం చూడగానే నా నోరు పడిపోతుంది. అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను. నీకు తెలిసినవే చాలా ఉంటాయి. నా వైపు నుంచి ఒక్కసారి చదువు.

కమిటీ మొదటి సమావేశం గుర్తుందా? రెండో తరగతి గదిలో, పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్ళం ఇరుక్కుని కూర్చున్నాం. లెక్కల మాస్టారి మోకాళ్ళు ఆయన గడ్డానికి తగులుతున్నాయి. నువ్వు మాత్రం నిలబడే మాట్లాడావు. హుందాగా ఉంటుందని అందరూ అనుకున్నారు గానీ, ఆ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేవలేవని నాకు తెలుసు. పై ఆఫీసు నుంచి వచ్చినాయన గోడ మీద రంగురంగుల పటాలు వేసి చూపిస్తుంటే, ఆయన పేరు ఎవరికీ గుర్తుండక పటాలాయన అని పేరు పెట్టేశాం.

జవాబుదారీ చట్టమంటే ఏమిటో ఆయన చెబితేనే నాకు అర్థమైంది. ఏటా పరీక్షల్లో బడి ఇన్ని మార్కులు తేవాలి. వరసగా రెండేళ్ళు తేలేకపోతే ఎలా బాగుపడతామో ప్రణాళిక రాసివ్వాలి. మూడో ఏడు కూడా తప్పితే బడి మూసేసి పిల్లల్ని తలో చోటికి పంపేస్తారు. మనది మూడో ఏడు. బడి మొత్తం మార్కులు చూస్తే చాలదట, వెనకబడిన పిల్లల మార్కులు విడిగా కూడా చూడాలట. లేకపోతే ముందున్న పిల్లల మార్కుల చాటున వీళ్ళు ఎవరికీ కనపడకుండా పోతారట. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి అక్కా. మా గువ్వలాంటి పిల్లల కోసం ఎక్కడో పెద్దవాళ్ళు కూర్చుని ఆలోచించారన్నమాట అనుకున్నాను.

గువ్వ సంగతి నీకు కొత్తగా చెప్పాలా. నోటితో చెప్పమంటే ఊళ్ళో కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు దాని కళ్ళ ముందు కుదురుగా నిలబడవు. పదేళ్ళొచ్చినా మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేది. ఊహ తప్పితే చెవులు ఎర్రబడేవి. వెనకబడిన పిల్లల జాబితాలో దాని పేరు రాసింది నువ్వే, రాసే ముందు కొట్టుకొచ్చి నన్ను అడిగి మరీ రాశావు. ఇలా రాస్తేనే దానికి సాయం అందుతుంది, తలవంపులేం లేవు అన్నావు. నేను నమ్మాను. ఆ మాట ఇప్పటికీ నమ్ముతాను.

ప్రణాళిక మొదటి ప్రతి పటాలాయన రాసుకొచ్చాడు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. లక్షిత ఉపసమూహాలట, సాధనా సూచికలట. ఇదంతా ఎవరి కోసమండీ అని అడిగాను. తల్లిదండ్రుల కోసమే, చట్టప్రకారం గేటు పక్కన బోర్డులో పెట్టాలి అన్నాడు. మరి తల్లిదండ్రుల మాటల్లోనే రాయండి, పదేళ్ళ పిల్ల చదివినా అర్థమవ్వాలి అని పట్టుబట్టాను. కమిటీలో ఉన్న అంబులెన్సు డ్రైవరు కూడా నాకు వంత పాడాడు. నువ్వు నవ్వి, మా చెల్లిది ఉడుం పట్టు, దాని మాట వింటే ఇంటికి త్వరగా పోతాం అన్నావు. కొన్ని సాయంత్రాలు కూర్చుని మాట మాటా మార్చాం. ఏ పిల్లల మార్కులు ఎప్పుడు విడిగా చూస్తారు, ఎంతమంది ఉంటే చూస్తారు, అన్నీ విడమరిచి రాయించాను. పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, గాజు బోర్డులో గుండుసూదులు గుచ్చింది కూడా నేనే. పిల్లల కళ్ళకి కూడా అందే ఎత్తులో పెట్టాను. ఆ రోజు ఇంటికొచ్చి మీ మరిదితో ఎన్ని గొప్పలు చెప్పుకున్నానో.

ఇక చదవడం నేర్పే టీచరమ్మ. ఆవిడని ప్రణాళిక కిందే వేశారు కదా, ఆ పిల్లల కోసమని. తొందరపెట్టని మనిషికి రోజూ గట్టిగా చదివి వినిపిస్తే వీళ్ళకి చదువు వస్తుంది, కానీ అలాంటి మనుషుల్ని నేనెక్కడ తేను అని ఆవిడ సమావేశంలో వాపోయింది. నాకు చటుక్కున తట్టింది. మా కొట్టుకి రండి, అక్కడ జనం ప్యాంటు పొట్టి చేసేదాకా కదలకుండా కూర్చుంటారు, కదిలితే ప్యాంటు లేకుండా కదలాలి అన్నాను. లెక్కల మాస్టారు పగలబడి నవ్వాడు. నవ్వుతాలుగా అన్నదే ప్రణాళికలోకి ఎక్కింది. వినేవాళ్ళ కుర్చీ అని పేరు పెట్టావు నువ్వే. మంగలి షాపులో ఒకటి, పళ్ళ డాక్టరు గదిలో ఒకటి, మందుల షాపులో ఒకటి, నా కొట్లో ఒకటి. పిల్లల్ని ఆ కుర్చీలకి తలా ఇంతమందని పంచాం.

నువ్వు ఆఫీసు గదిలో ఉండేదానివి కాబట్టి అవన్నీ చూళ్ళేదు. గువ్వ మొదటి వారం ఎంత సిగ్గుపడిందో. ట్రయల్ రూం తెర వెనక నిలబడి చదివేది, గొంతు మాత్రమే బయటికొచ్చేది. నాకు మిషను తొక్కబుద్ధి అయ్యేది కాదు, చప్పుడుకి అది బెదురుతుందని చేతికుట్టు పనులన్నీ ఆ వేళకి పెట్టుకునేదాన్ని. మందుల షాపు ముసలాయన ఉన్నాడే, ఆయన షాపులో కుర్చీ ఉండగా దాన్ని వదిలి మా కొట్టుకే వచ్చేవాడు. ఆయనకి చెవుడు. అది ఒక మాట ఊహించి చదివితే ఆఁ అనేవాడు. మళ్ళీ చదివితే మళ్ళీ ఆఁ అనేవాడు. మూడోసారికి ఊహలు మానేసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని సరిగ్గా చదివేది. అప్పుడు తలూపేవాడు. ఆయనకి చెవుడు ఎంతో, నటన ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు.

అంబులెన్సు డ్రైవరైతే మరీ ఘోరం. ఒకే చొక్కాకి గుండీలు ఊడిపోయాయని పదే పదే వచ్చేవాడు. దారం తెగిన తీరు చూస్తే తెలీదా నాకు, కత్తెరతో తెంపుకుని వస్తున్నాడని. కథ సగంలో ఉంది కదండీ అని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి గువ్వ తెర బయటికొచ్చింది. ఆ తర్వాత స్టూలెక్కి కూర్చుంది. కష్టమైన మాట వస్తే వేలు పెట్టి ఆగి, నా వైపు చూసేది. నేను ఆ మాట చెప్పేదాన్ని. దానికి ఆ ఒక్క సాయమే కావాల్సి వచ్చేది. ఎవరూ చెప్పకుండా ఒక పేజీ మొత్తం చదివిన రోజున నీకు కేక కొడతానమ్మా, మిషను ఆపాలి మరి అనేది.

చలికాలం సమావేశం దగ్గరికొస్తాను. పటాలాయన పటాలన్నీ చుట్టుకుని సంచి జిప్పు లాగుతూ అన్నాడు. వెనకబడిన పిల్లలు మొదట్లో ఇరవై రెండు మంది ఉండేవాళ్ళట, రెండు కుటుంబాలు వేరే చోటికి వెళ్ళిపోవడంతో ఇప్పుడు సరిగ్గా ఇరవై అట. ఇరవై మంది ఉంటేనే వాళ్ళ మార్కులు విడిగా చూస్తారు. అంతకన్నా తక్కువుంటే, ఒకళ్ళిద్దరి మార్కుల మీద బడి తలరాత తేలడం న్యాయం కాదని చట్టం వదిలేస్తుందట. బడి మొత్తం మార్కులు బాగానే ఉన్నాయి, ఈ ఇరవై మందితోనే భయం అన్నాడు. ఏం చేయమని అనలేదు. జిప్పు లాగి, టీ బాగుందండీ అని వెళ్ళిపోయాడు. ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు.

తర్వాత వారమే నువ్వు కొట్టుకొచ్చావు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇస్త్రీ పెట్టె తీగని వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడ్డావు. నిన్ను అలా చూసింది అమ్మ పోయిన రోజునే. లెక్క వేసే రోజు దగ్గరికొస్తోంది, ఈలోగా గువ్వని వంతెన అవతల బడికి మార్చవే, ఈ ఒక్క ఏడాదికే అన్నావు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, జాబితాలోంచి పేరు కొట్టేయరాదా అన్నాను. అది అబద్ధం, నేను అబద్ధం రాయను అన్నావు. పిల్లని పంపేస్తే మాత్రం అబద్ధం కాదట. మరి ఇంకొకళ్ళ పిల్లని అడగరాదా అన్నాను. పరాయి తల్లిని ఏ మొహంతో అడగను, నిన్ను కాబట్టి అడుగుతున్నాను అన్నావు. బడి మూస్తే ఆ ఇరవై మందీ చెల్లాచెదురైపోతారు, మిగతావాళ్ళూ పోతారు, ఒక్కదాన్ని కదిలిస్తే అందరూ మిగులుతారు అన్నావు.

సరిగ్గా అప్పుడే గువ్వ బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది, గుర్తుందా? మొహం అంతా వెలిగిపోతూ, అమ్మా అని అరుస్తూ గుమ్మం దాకా వచ్చి, మనిద్దర్నీ చూసి ఆగిపోయింది. ఏమిటే అంటే ఏం లేదంది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగింది. నువ్వు దాని తల నిమిరి వెళ్ళిపోయావు.

అమ్మ పోయాక నాకు జడలు వేసింది నువ్వు. నాకు జ్వరమొస్తే బడి మానేసి కూర్చుంది నువ్వు. నువ్వు నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు అక్కా. మొదటిసారి నోరు తెరిచి అడిగితే కాదనడం ఎలాగో నాకు తెలియలేదు. మీ మరిది అన్నం దగ్గర కంచం తోసేసి లేచిపోయాడు. నీ ఇష్టం, మీ అక్కచెల్లెళ్ళ మధ్య నేనెవర్ని అన్నాడు. గువ్వకి మాత్రం నేను మెల్లిగా చెప్పాను. కొత్త బళ్ళో ఈత కొలను ఉందే, నీకు నీళ్ళంటే ఇష్టం కదా అని. అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. చూసి, హాయ్, ఈత కొలనా అంది. పిల్ల ఎంత తేలిగ్గా ఒప్పుకుందో అని నేను ఊపిరి పీల్చుకున్నాను. మంచి బట్ట తెచ్చి ఈత దుస్తులు నా చేత్తోనే కుట్టాను.

ఆ తర్వాత కొట్లో చదవడం ఆగిపోయింది. ఆ కుర్చీ పాత బడిదమ్మా, నేను ఆ బడి పిల్లని కాదుగా అంది. ముసలాయన కొన్నాళ్ళు అలవాటుగా వచ్చి కూర్చుని, గోడ గడియారం చూసి వెళ్ళిపోయేవాడు. అంబులెన్సు డ్రైవరు చొక్కా గుండీలు గట్టిపడ్డాయి. కథ చివరికి ఏమైందని ఒకసారి నన్నే అడిగాడు. నేను కుడుతూ విన్నానేమో, నాకూ గుర్తులేదన్నాను. నిజానికి కథ సగంలోనే ఆగిపోయింది.

పోయిన నెల చదవడం నేర్పే టీచరమ్మ సంచి పట్టీ తెగిందని కుట్టించుకోవడానికి వచ్చింది. తనని వేరే చోటికి వేశారని చెప్పింది. ఎందుకండీ అంటే తల దించుకుంది. ఆ పిల్లల్ని విడిగా లెక్కపెట్టడం లేదు కాబట్టి వాళ్ళ కోసం ప్రణాళికలో విడిగా ఏమీ అక్కర్లేదట. వినేవాళ్ళ కుర్చీలు కూడా తీసేశారట. మిగిలిన పంతొమ్మిది మందీ ఇప్పుడు వెనక బెంచీల్లో ఎవరి పుస్తకం వాళ్ళు తిరగేస్తున్నారట. పంపడానికి ముందు గువ్వ చదవడం ఎంత బాగా పట్టుకుందో తెలుసా, ఇంకొంచెం ఓపిక పడితే అందరం కలిసి గట్టెక్కేవాళ్ళమేమో అని ఆవిడ సంచి పట్టీ సరిచూసుకుంటూ ఏడ్చింది.

ఇది నీకు తెలుసా అక్కా? తెలిసే ఉంటుంది, నీ సంతకం లేకుండా ఆవిడ వెళ్ళదు. నువ్వు ఆ కాగితం మీద ఎలా సంతకం పెట్టావో, పెట్టి ఏ గదిలో తలుపేసుకున్నావో కూడా నాకు తెలుసు. నిన్ను తిట్టాలని ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. తిట్టేద్దామని చాలాసార్లు అనుకుని, నీ మెడ వెనక చిన్న వెంట్రుకలు నెరిసిపోయినవి గుర్తొచ్చి ఊరుకున్నాను. నీ గుండె బళ్ళో ఉంది, నా గుండె ఆ పిల్లలో ఉంది. రెండూ బతకాలంటే చట్టం ఒకటే బతకనిచ్చింది. ఈ మాట నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

సభ బాగా జరగాలి. నీ నీలం చీర అంచు ఊడిపోయిందని బావ అన్నాడు, శనివారం లోపు పంపు, కుట్టి పెడతాను. పటాలాయనకి టీ ఇవ్వడం మర్చిపోకండి. బావ మోకాలికి వేడి కాపడం పెట్టు.

ఉంటాను అక్కా.

నీ చేత జడలు వేయించుకున్న
చెల్లి

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెట్టాక మళ్ళీ తీశాను. పైన గువ్వ బాగుందని రాశాను. అది అబద్ధం అక్కా. ఈత కొలను అంటే ప్రాణమన్నది కూడా అబద్ధమే.

నీ ఫారం అందిన రోజే సంతకం పెడదామని పెన్ను తీశాను. ముందు గువ్వకి చెప్పి దాని సంతోషం చూద్దామని, ఉతికి ఆరేసిన దాని బట్టలు మడుస్తూ కూర్చున్నాను. ఈత దుస్తులు చేతిలోకి తీసుకుంటే తేడా తెలిసింది. కొలను నీళ్ళల్లో మందు కలుపుతారు, నాలుగుసార్లు మునిగితే రంగు వెలుస్తుంది, ఎలాస్టిక్ వదులవుతుంది. ఇది నేను కుట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. గువ్వని పిలిచి అడిగాను. ముందు బుకాయించింది, తర్వాత చెప్పింది. ఆ బళ్ళో కూడా ప్రణాళిక ఉందట. చదవడంలో వెనకబడిన పిల్లల్ని ఈత గంటలో గదిలో కూర్చోబెట్టి ప్రశ్నపత్రాలు నింపిస్తారట. బెల్లు కొట్టాక ఇది కుళాయి దగ్గర బట్టలు తడిపి, పిండి, సంచిలో వేసుకొచ్చేదట. పొడిగా తెస్తే అమ్మ బాధపడుతుందని.

దాన్ని ఒళ్ళోకి లాక్కుని, ఇక అక్కడికి వెళ్ళక్కర్లేదే, పెద్దమ్మ నిన్ను రమ్మంది అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. వద్దమ్మా అంది. ఎందుకే అంటే, నేనొస్తే మళ్ళీ ఇరవై మంది అవుతారు కదా, పెద్దమ్మ బడి మూసేస్తారు కదా అంది.

నీకెవరు చెప్పారే అన్నాను. ఎవరూ చెప్పలేదు, గేటు పక్కన బోర్డు మీద చదివాను అంది. వెనకబడిన పిల్లలు ఇరవై మంది ఉంటే వాళ్ళ మార్కులు విడిగా లెక్కపెడతారు, ఒక్కరు తక్కువైనా లెక్కపెట్టరు అని నేను రాయించిన మాటలు నాకే గడగడా ఒప్పజెప్పింది. ఎవరి సాయం లేకుండా అది మొట్టమొదట చదివిన పేజీ అదేనట అక్కా. ఆ సంతోషంలో నాకు కేక కొడదామని పరిగెత్తుకొచ్చిందట. వచ్చేసరికి నువ్వు ఇస్త్రీ పెట్టె దగ్గర నిలబడి ఉన్నావట, నేను ఏడుపు మొహంతో ఉన్నానట. చదువుకునే గదిలో తనతో కలిపి ఎంతమందో దానికి తెలుసు. ఎవరో ఒకళ్ళు వెళ్ళాలి కదా, నేనైతే పెద్దమ్మకి అడగడం తేలిక అనుకుందట.

ఇది పెద్దమ్మకి చెప్పకమ్మా, ఏడుస్తుంది అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పాను. నేనొస్తే ఇరవై అవుతారు కదా అన్నదానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. నీకు తెలిస్తే నువ్వే వచ్చి చెప్పు. కొట్లో కుర్చీ మాత్రం నేను తీయలేదు.